ముందు ఆ గోడ మీది తుపాకీ దించండి

విజయదశమి నాడు మన ఊళ్ళలో ఒకే పొద్దున రెండు పనులు జరుగుతాయి. ఊరి నడుమ పెద్దింటి గోడ మీంచి తుపాకీ కిందికి దిగుతుంది. దాన్ని నూనెగుడ్డతో తుడిచి, కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి పూజ చేస్తారు. ఊరి చివర మన పేటలో పంచరంగుల ధమ్మ పతాకం కింద చేరి మనం పంచశీల చెప్పుకుంటాం. ప్రాణం తీయనన్నదే అందులో మొదటి శీలం. కళింగ యుద్ధం తర్వాత అశోకుడు పడిన పశ్చాత్తాపాన్నీ, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో ధమ్మంలోకి నడిచిన రోజునూ తలుచుకుంటాం.

సభ అయిపోయి అన్నాలు తినేటప్పుడు కుర్రాళ్ళు ఒక ప్రశ్న అడుగుతున్నారు. "వాళ్ళింట్లో తుపాకీ ఉంది, మనింట్లో పంచశీల ఉంది. రేపు గొడవైతే రెంటిలో ఏది పనికొస్తుంది?" ఈ మాట మేము ఒకచోట కాదు, చాలాచోట్ల విన్నాం. ప్రతి అత్యాచారం తర్వాతా "మాకూ లైసెన్సులు ఇవ్వండి" అనే డిమాండు మన వేదికల మీద వినిపిస్తూనే ఉంది.

దీనికి మన పెద్దలు రెండు జవాబులు చెప్తున్నారు. ఒకటి, "మనది బుద్ధుని మార్గం, ఆయుధం మాటే ఎత్తకూడదు". రెండు, "మన దేశంలో తుపాకీ మీద నిషేధం ఉంది, ఇది అమెరికా కాదు, భయం లేదు". మొదటిది ప్రశ్న అడిగినవాడి నోరు మూయించడానికి పనికొస్తుంది గానీ వాడి భయాన్ని తీర్చదు. రెండోది అసలు నిజం కాదు. కాబట్టి ఈ విషయం మీద మేము ఏమనుకుంటున్నామో దాపరికం లేకుండా రాయదలిచాం. మనవాళ్ళలోనే కొందరికి ఇది నచ్చదని తెలుసు.

ముందు ఆ నిషేధం సంగతి. మన దేశంలో తుపాకీ మీద నిషేధం లేదు, లైసెన్సు ఉంది. 1857 తిరుగుబాటు భయం తీరక, లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో తెల్లవాళ్ళు ఆయుధ చట్టం తెచ్చారు. దేశమంతటినీ నిరాయుధం చేశారని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. దేశమంతా అంటే ఎవరు? తెల్లవాళ్ళకు మినహాయింపు. రాజులకు, పెద్ద జమీందార్లకు మినహాయింపు. మనకు ఆ చట్టం వల్ల కొత్తగా పోయిందేమీ లేదు. మన చేతిలో ఆయుధం లేకుండా మనువు ఎప్పుడో చేశాడు, ఆ పనికి లిట్టన్ అక్కరలేకపోయింది.

1959లో స్వతంత్ర భారతం కొత్త ఆయుధ చట్టం చేసుకుంది. ఆ చట్టం 14వ సెక్షన్‌లో ఒక ముక్క ఉంది: తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదని. చదవడానికి బాగుంది. చట్టం ఇలా రాయాల్సి వచ్చిందంటేనే అప్పటిదాకా ఆస్తి చూసి తుపాకీ ఇచ్చేవారని ఒప్పుకున్నట్టు. ఇప్పుడు కాగితం మీద ఆస్తి అడగరు. పోలీసు విచారణ నివేదిక అడుగుతారు. ఊళ్ళో దరఖాస్తుదారుడి పరపతి ఏమిటో ఆ నివేదిక చెప్తుంది. పరపతి అనే మాటకు మన ఊళ్ళలో అర్థం మీకు చెప్పక్కర్లేదు.

కేంద్ర హోంశాఖ లెక్క ప్రకారం 2016 చివరికి దేశంలో 33 లక్షలకు పైగా లైసెన్సులు ఉన్నాయి. అందులో 12 లక్షలకు పైగా ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే. ఇక లైసెన్సు లేనివి కూడా కలుపుకుంటే దేశంలో పౌరుల చేతుల్లో 7 కోట్లకు పైగా తుపాకులు ఉంటాయని 2017లో జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా వేసింది. అంచనా అంచనాయే, అటూ ఇటూ ఉండొచ్చు. నాటు తుపాకులను, తపంచాలను ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టిన వాడెవడూ లేడు. అయినా అందులో సగం కొట్టేసినా "మన దేశంలో తుపాకీ లేదు" అనే మాట నిలవదు.

2019లో ఈ చట్టాన్ని సవరించారు. ఒక మనిషి మూడు తుపాకులు ఉంచుకోవచ్చన్న పాత నియమాన్ని మార్చి, ఒక్కటే ఉంచుకోవాలని బిల్లు పెట్టారు. వెంటనే గగ్గోలు. తాతల నాటి తుపాకులు, వంశ గౌరవం, సంప్రదాయం అన్నారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి రెండు చేసింది. లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచింది. పెళ్ళిళ్ళలో గాలిలోకి కాల్చడం నేరమని మాత్రం రాసింది. అంతవరకు మంచిదే. ఉత్తరాది పెళ్ళి పందిళ్ళలో ఆ తూటాలకు పోయిన ప్రాణాలు తక్కువేమీ కాదు. కానీ వంశ గౌరవం పేరుతో రెండో తుపాకీని కాపాడుకున్న వర్గాలేవో గమనించండి. మన ఇళ్ళల్లో తాతలు వదిలిపోయిన తుపాకీ ఎక్కడైనా ఉందా? మా తాతలు వదిలిపోయినవి డప్పులు, పారలు, చెప్పులు కుట్టే ఆరెలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఇది మనలో చాలామంది చదవని చట్టం. మన లాయర్లలో కూడా కొందరు చదవలేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నాం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది. దాని నియమావళి 1995 మార్చి 31న వచ్చింది. ఆ నియమావళిలో మూడో నియమం ముందుజాగ్రత్త చర్యలది. అత్యాచారం జరిగాక ఏం చేయాలో మిగతా నియమాలు చెప్తాయి, జరగకముందే ఏం చేయాలో ఇది చెప్తుంది. అత్యాచారం జరగవచ్చని, లేదా మళ్ళీ జరగవచ్చని అనుమానం ఉన్న ప్రాంతాలను రాష్ట్ర ప్రభుత్వం గుర్తించాలి. కలెక్టరును, ఎస్పీని అక్కడికి పంపి పరిస్థితి చూడమనాలి. తర్వాత, అవసరమని భావిస్తే, ఆ ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులను రద్దు చేసి, ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. లైసెన్సున్న ఆసామివే కాదు, వాళ్ళ దగ్గరి బంధువులవి, నౌకర్లవి, జీతగాళ్ళవి, కుటుంబ మిత్రులవి కూడా. ఆ తర్వాతి అంశం: అక్రమ తుపాకులన్నింటినీ స్వాధీనం చేసుకోవాలి, వాటి తయారీని ఆపించాలి. ఆ తర్వాతిది: అవసరమని భావిస్తే ఎస్సీ, ఎస్టీలకు ప్రాణ, ఆస్తి రక్షణ కోసం ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

దీన్ని నిదానంగా ఇంకోసారి చదవండి. ఈ నియమం రాసినవాళ్ళెవరో గానీ ఊరిని బాగా ఎరిగినవాళ్ళు. తుపాకీ దొర పేరున ఉండకపోవచ్చు, పాలేరు పేరున ఉండొచ్చు, బావమరిది పేరున ఉండొచ్చు. అందుకే నౌకర్లను, బంధువులను, మిత్రులను కూడా వరసపెట్టి రాశారు. వరస కూడా చూడండి. మొదట తీసుకో, తర్వాత వెతికి పట్టుకో, ఆ తర్వాతే కావలిస్తే ఇవ్వు. మన వేదికల మీద మాత్రం చివరి అంశం ఒక్కటే వినిపిస్తుంది. మొదటి రెండూ అడిగే గొంతు వినిపించదు.

ఇందులో ఒక లొసుగు ఉంది, ఒక బలమూ ఉంది. లైసెన్సులు రద్దు చేయడానికి "అవసరమని భావిస్తే" అనే షరతు పెట్టారు. ముప్పై ఏళ్ళుగా అధికారులు ఆ షరతు చాటునే దాక్కుంటున్నారు. ఎవరు భావించాలి? పెద్దింటి అరుగు మీద కాఫీ తాగివచ్చిన అధికారి భావించాలి. కానీ అక్రమ తుపాకులను స్వాధీనం చేసుకోవాలనే అంశానికి అలాంటి షరతేమీ లేదు. అది నేరుగా ఆజ్ఞ. తుపాకీతో జరిగే హత్యల్లో ఎక్కువ భాగం లైసెన్సు లేని తుపాకులతోనే జరుగుతున్నాయని జాతీయ నేర గణాంకాలు చెప్తుంటాయి. తుపాకీ నియంత్రణ దండగ అని వాదించేవాళ్ళు ఈ లెక్కనే చూపిస్తారు. మేమూ అదే లెక్క చూపించి అడుగుతున్నాం: షరతు లేని ఆజ్ఞను అమలు చేయకుండా ఎందుకు కూర్చున్నారు?

"ఊళ్ళో లైసెన్సు తుపాకులన్నీ తీసుకోవడం జరిగే పనేనా?" అని అడుగుతారు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే ఏం జరుగుతుందో చూడండి. లైసెన్సుదార్లు తుపాకులు తెచ్చి పోలీస్ స్టేషన్లో జమ చేస్తారు, రసీదు తీసుకుంటారు, ఫలితాలు వచ్చాక తీసుకుపోతారు. ప్రతి ఎన్నికలోనూ జరిగే మామూలు పని ఇది. వంశ గౌరవం అప్పుడేమీ అడ్డం రాదు. ఓటు పెట్టెకు హాని జరగకూడదంటే తుపాకీ స్టేషన్లో ఉండాలని ప్రభుత్వానికి తెలుసు. మన పేట మీదికి దండు వస్తుందని తెలిసినప్పుడు మాత్రం ఆ తెలివి ఎక్కడికి పోతుంది?

1995 మార్చిలో నియమాలు వచ్చాయి. 1996 జులై 11న బీహార్‌లోని బథానీ తోలాలో రణవీర్ సేన 21 మందిని చంపింది. 1997 డిసెంబరు 1 రాత్రి లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందిని చంపింది. వాళ్ళలో ఆడవాళ్ళు, పసిపిల్లలు ఎందరో. అది భూస్వాముల సేన అని, దాని దగ్గర తుపాకులున్నాయని బీహార్ ప్రభుత్వానికి తెలియదా? ముందుగా గుర్తించాల్సిన ప్రాంతం కాదా అది? కింది కోర్టులు శిక్షలు వేశాయి, 2012లో ఒక కేసునూ 2013లో ఇంకో కేసునూ పట్నా హైకోర్టు కొట్టేసింది. శిక్ష పడుతుందో లేదో తర్వాతి మాట. తుపాకీ ముందే ఆయుధాగారంలో ఉండి ఉంటే కోర్టుదాకా పోవాల్సిన పనే ఉండేది కాదు.

2019 జులై 17న ఉత్తరప్రదేశ్ సోన్‌భద్ర జిల్లా ఉంభా గ్రామంలో భూమి తగాదాలో ట్రాక్టర్ల మీద వచ్చిన దండు గోండు ఆదివాసులను 10 మందిని కాల్చి చంపింది. సరిగ్గా 34 ఏళ్ళ క్రితం అదే జులై 17న కారంచేడు. మేము ఈ రెండు తేదీలను కావాలనే పక్కపక్కన పెడుతున్నాం, ఎందుకో కిందికి వచ్చాక చెప్తాం.

"అయితే మనకే తుపాకులిస్తే సరిపోలేదా?" అనే కుర్రాడి మాటకు వద్దాం. అతను తరచూ బాబాసాహెబ్ పేరే చెప్తాడు. 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ ఏమన్నారు? కింది కులాలు ఎందుకు తిరగబడలేదంటే చాతుర్వర్ణ్యం వాళ్ళకు ఆయుధం పట్టే వీలు లేకుండా చేసింది కాబట్టి అన్నారు. నిజమే, 1936లో ఆ మాట రాశారు.

1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఏం జరిగిందో కూడా చూడాలి. ఆయుధాలు కలిగి ఉండటం ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో కూడా ఆ హక్కు ఉంది. బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. ప్రతి మనిషీ బజారుకు పోయి దాడికి పనికొచ్చే సాధనాలను అడ్డూ అదుపూ లేకుండా కొనుక్కునే హక్కుంటే ప్రభుత్వం పాలన ఎలా సాగించగలదో తన ఊహకు అందడం లేదన్నారు. ఆయుధం పట్టడం హక్కు అనేకన్నా బాధ్యత అనాలన్నారు. దేశ భద్రతకు ముప్పు వచ్చినప్పుడు పౌరులందరినీ ఆయుధం పట్టమని అడిగే అధికారం రాజ్యానికి ఉండాలని, అది రాజ్యాంగంలో భద్రంగా ఉందని చెప్పారు. సవరణ వీగిపోయింది. మన రాజ్యాంగం 19వ అధికరణలో సభ పెట్టుకునే హక్కు ఉంది, శాంతంగా, ఆయుధాలు లేకుండా అనే మాటలతో.

1936లో ఒకటి, 1948లో ఒకటి చెప్పారా? మన విమర్శకులు అలాగే అంటారు. రెండు చోట్లా జాగ్రత్తగా చదివితే అలా కనిపించదు. 1936లో ఆయన యూరప్‌తో పోల్చి, అక్కడి బలహీనుడికి మూడు సాధనాలున్నాయన్నారు: సైనిక సేవ, ఓటు, చదువు. సైనిక సేవ అన్నారు, ఇంటి గోడ మీది తుపాకీ అనలేదు. ఆయన సుబేదార్ రామ్‌జీ కొడుకు. సైన్యంలో మహర్ల ప్రవేశాన్ని తెల్లవాళ్ళు ఆపేసినప్పుడు ఒక కులమంతా ఏం పోగొట్టుకుందో ఇంట్లో విని పెరిగినవాడు. 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడటం వెనుక ఆయన పట్టుదల ఉంది. ఆయుధం అందరిదీ అయిన రాజ్యం చేతిలో ఉండాలి, ఆ చేతిలో మన చెయ్యీ ఉండాలి అన్నది ఆయన 1936లోనూ 1948లోనూ పట్టుకున్న మాట. పెద్దింటి గోడకో, పేదింటి గోడకో వేలాడే తుపాకీకి అందులో చోటు లేదు.

బజారులో కొనుక్కునే హక్కు ఎవరికి పనికొస్తుంది? కొనగలవాడికి. కర్ర ఉన్నవాడిదే బర్రె అయిన చోట కర్రలను సరుకుగా అమ్మితే ఎక్కువ బర్రెలున్నవాడే ఎక్కువ కర్రలు కొంటాడు. ఈ లెక్క తెలియాలంటే పెద్ద చదువు అక్కర్లేదు. మన పేటకు ఒక లైసెన్సు వస్తుంది, ఊరికి పది ఉంటాయి. గొడవలో రెండువైపులా కాల్పులు జరిగాయని ఎఫ్ఐఆర్ రాస్తారు. అప్పటిదాకా బాధితుడిగా ఉన్న మనవాడు ముద్దాయి అవుతాడు. కౌంటరు కేసు అంటే ఏమిటో అట్రాసిటీ కేసు పెట్టిన ప్రతి కుటుంబానికీ అనుభవమే.

ఇక్కడ మమ్మల్ని గట్టిగా నిలదీసేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో బలం ఉంది. "రాజ్యం చేతిలో ఆయుధం అంటున్నారే, 1997 జులై 11న ముంబయి రమాబాయి నగర్‌లో మనల్ని కాల్చింది ఎవరు?" బాబాసాహెబ్ విగ్రహానికి అవమానం జరిగిందని రోడ్డు మీదికి వచ్చిన జనం మీద రాష్ట్ర రిజర్వు పోలీసులు కాల్పులు జరిపి 10 మందిని చంపారు. బథానీ తోలాకు సరిగ్గా ఏడాది. ఈ వాదనకు మా దగ్గర తేలికైన జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలం. పోలీసు తుపాకీకి ఒక పద్దు ఉంటుంది. ఏ తుపాకీ, ఎన్ని తూటాలు, ఎవరి ఆజ్ఞ అని అడగవచ్చు. అడిగి అడిగి, పన్నెండేళ్ళ తర్వాత 2009లో కాల్పులకు ఆజ్ఞ ఇచ్చిన అధికారికి సెషన్సు కోర్టులో శిక్ష పడేలా చేశారు మనవాళ్ళు. అది న్యాయమని మేము అనడం లేదు. గోడ మీది తుపాకీకి ఆ పద్దు కూడా లేదంటున్నాం.

బలహీనుడి చేతికి తుపాకీ ఇవ్వడమనేది మన దేశంలో జరగని పనేమీ కాదు. జరిగినప్పుడు ఎలా జరిగిందో చూద్దాం. ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం పేరున ఆదివాసీ కుర్రాళ్ళను స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా పెట్టుకుని, నెలకు 3,000 రూపాయలిచ్చి, తుపాకీ చేతికిచ్చారు. వాళ్ళు ఎవరిని కాల్చాలి? పక్క ఊరి సొంత మనుషులను. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ కాందిశీకులు ఖమ్మం, భద్రాచలం అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు, ఇప్పటికీ ఉన్నారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి తెలుగువారు. మన రాయలసీమ ముఠా తగాదాల్లో నాటుబాంబు సంచి మోసింది ఎవరు, ఆ సంచితో పాటు పేలిపోయింది ఎవరు? పేర్లు వేరే వాళ్ళవి, శవాలు మనవి. ఆయుధం చేతికి రాగానే బలం వస్తుందనుకోవడం భ్రమ. ఆయుధం ఇచ్చినవాడి పని చేయాల్సి వస్తుంది.

2025 మేలో అస్సాం మంత్రివర్గం ఇంకో పని చేసింది. ముస్లింలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో, సరిహద్దు ప్రాంతాల్లో "మూలవాసులకు" ఆయుధ లైసెన్సులు ఉదారంగా ఇస్తామని నిర్ణయించింది. కారణం భద్రత. ముప్పై ఏళ్ళుగా మన నియమావళిలో ఉన్న అంశాన్ని తెరిచి చూడని ప్రభుత్వాలకు, పొరుగువాడి మీద అనుమానం పెంచే చోట ఎక్కడలేని ఉదారం పుడుతుంది. ఈ దారిలో పోతే రేపు మనకు కూడా లైసెన్సులిస్తారు. ఎవరి మీదికి ఎక్కుపెట్టమని ఇస్తారో ఊహించుకోండి.

అమెరికా గురించి ఎక్కువ రాయం. మన పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. 2017లో కాన్సస్‌లో ఒక తెలుగు ఇంజనీరును బారులో కాల్చి చంపిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఆయుధ హక్కు రాజ్యాంగంలో రాసుకున్న ఆ దేశంలో కూడా అది అందరి హక్కుగా ఎప్పుడూ లేదని మాత్రం గుర్తుచేస్తాం. 1956లో తన ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ అనుమతి అడిగితే అలబామా అధికారులు ఇవ్వలేదు. 1967లో బ్లాక్ పాంథర్లు తుపాకులు పట్టుకుని బహిరంగంగా తిరగగానే కాలిఫోర్నియా ఆగమేఘాల మీద నిషేధ చట్టం చేసింది, గవర్నరుగా సంతకం పెట్టింది రీగన్. మన దళిత్ పాంథర్లు 1972లో పేరు తెచ్చుకున్నది ఆ పాంథర్ల నుంచే. ఆస్ట్రేలియా ఇంకో దారి పట్టింది. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో ఒకే మనిషి 35 మందిని చంపాక, ప్రభుత్వం దాదాపు ఆరున్నర లక్షల తుపాకులను వెలకట్టి వెనక్కి కొని నాశనం చేసింది. వంశ గౌరవం అక్కడి రైతులకూ ఉంది. డబ్బు తీసుకుని ఇచ్చేశారు.

నిషేధాన్ని గుడ్డిగా మెచ్చుకునేవాళ్ళకు కూడా ఒక కథ చెప్పాలి, అది బుద్ధుని పేరుతోనే జరిగింది. 1588లో జపాన్‌లో హిదెయోషి రైతుల కత్తులన్నీ అప్పగించమన్నాడు. వాటిని కరిగించి క్యోటోలో కట్టే మహాబుద్ధ విగ్రహానికి మేకులు, బందులు చేయిస్తామని, అందువల్ల ఇహంలోనూ పరంలోనూ పుణ్యం వస్తుందని చెప్పాడు. రైతులు ఇచ్చారు. సమురాయిల నడుముకు మాత్రం కత్తులు అలాగే ఉన్నాయి. ఒక వర్గం చేతులు కట్టేసి ఇంకో వర్గాన్ని వదిలేసే నిషేధానికి బుద్ధుని పేరు పెట్టినా అది వర్ణ వ్యవస్థే. "మనది బుద్ధుని మార్గం, ఆయుధం మాట ఎత్తకు" అని మన కుర్రాళ్ళకు చెప్పే పెద్దలు తెలియకుండానే హిదెయోషి మాట చెప్తున్నారు. బౌద్ధ దేశమని మనం మురిసిపోయే థాయిలాండ్‌లో ఇళ్ళల్లో ఎన్ని తుపాకులున్నాయో, అక్కడ ఎలాంటి సామూహిక హత్యలు జరిగాయో కూడా చూడాలి. విగ్రహం ఉన్నంత మాత్రాన తుపాకీ దానంతటదే కిందికి దిగదు.

బుద్ధుడు ఆయుధం గురించి ఏమన్నాడో తెలియాలంటే దీఘనికాయంలోని చక్కవత్తి సీహనాద సుత్తం చదవాలి. మన విహారాల్లో దీన్ని తగినంతగా చెప్పడం లేదని మా ఫిర్యాదు. ఒక రాజు ప్రజలకు కాపలా పెట్టాడు గానీ పేదలకు సంపద పంచలేదు. పేదరికం పెరిగింది. ఒకడు దొంగతనం చేశాడు. రాజు వాడికి బతకడానికి డబ్బిచ్చి పంపాడు. అది విని మరికొందరు దొంగిలించారు. రాజు ఈసారి ఒకడి తల నరికించాడు. జనం అది చూసి, తామూ పదునైన కత్తులు చేయించుకుని, దోచిన చోట తలలు నరకడం మొదలుపెట్టారు. కత్తి పట్టడం జనానికి నేర్పింది ఎవరు? రాజే. అక్కడి నుంచి మనిషి ఆయుష్షు తరుగుతూ వచ్చి, చివరికి ఏడు రోజుల పాటు మనుషులు ఒకరినొకరు మృగాల్లా చూసి కత్తులతో చంపుకునే కాలం వస్తుంది. కొందరు మాత్రం గడ్డి దుబ్బుల్లో, అడవుల్లో దాక్కుని, ఏడు రోజుల తర్వాత బయటికొచ్చి, ఇంకా బతికున్నావా అని ఒకరినొకరు కౌగిలించుకుంటారు.

ఆ సుత్తంలో తప్పు ఎక్కడ మొదలైందో చూడండి. పేదవాడి చేతిలోని కత్తితో మొదలుకాలేదు. పంచకుండా కాపలా మాత్రమే పెట్టిన పాలకుడితో మొదలైంది. ప్రజా భద్రత గురించి ఉపన్యాసాలు ఇచ్చే హోంమంత్రులందరూ చదవాల్సిన సుత్తం ఇది. అందుకే భూమి పంపకం మాట లేకుండా తుపాకీ నియంత్రణ మాట మాట్లాడటం మాకు సగం మాటగానే కనిపిస్తుంది. ఉంభాలో తగాదా భూమి మీదే. బాథేలోనూ భూమీ కూలీనే.

ఇప్పుడు కారంచేడు సంగతి. 1985లో అక్కడ ఆరుగురిని, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. వాడినవి ఎక్కువగా గొడ్డళ్ళు, బరిసెలు, కత్తులు. తుపాకీ నిషేధం సంపూర్ణంగా అమలైనా ఆ రెండు ఊళ్ళలో చావులు ఆగేవి కావు. ఈ నిజాన్ని దాచిపెట్టి తుపాకీ తీసేస్తే అంతా బాగుంటుందని మేము చెప్పం. గొడ్డలి వ్యవసాయ పనిముట్టు, దానికి లైసెన్సు పెట్టలేం. గొడ్డలితో వచ్చే దండును ఆపాలంటే ముందుగా ప్రాంతాన్ని గుర్తించడం, పికెట్ పెట్టడం, దండును కూడగట్టేవాళ్ళను అదుపులోకి తీసుకోవడం కావాలి. అవన్నీ కూడా ప్రభుత్వ బాధ్యతలే. అయితే కారంచేడులో పరుగెత్తి తప్పించుకున్నవాళ్ళున్నారు, చీరాల చేరి శిబిరం పెట్టి ఉద్యమం నడిపినవాళ్ళున్నారు. తూటాను దాటి పరుగెత్తడం కష్టం. గొడ్డలికీ తుపాకీకీ ఉన్న తేడా అంతే, అది చిన్న తేడా కాదు.

అర్ధరాత్రి దండు వచ్చిందనుకోండి, అప్పుడేం చేయాలి? చేతులు కట్టుకుని చావమని మేము ఎవరికీ చెప్పం, బాబాసాహెబ్ కూడా చెప్పలేదు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరని 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఆయన విడదీసి చూపారు. అహింసను గుడ్డి నియమంగా కాకుండా ఆలోచించి ఆచరించే సూత్రంగా తీసుకోమన్నారు. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును చెప్తాయి. మన ఇంటిని, మన ఆడపిల్లలను కాపాడుకోవడానికి చేతికందిన కర్ర తీయడం శీలభంగం కాదు. కానీ రోజూ గోడకు తుపాకీ వేలాడదీసుకుని బతకడం వేరు. అది ఇంట్లో కోపాలకూ తాగుడుకూ పిల్లల చేతికీ కూడా అందుతుంది. ఉపాసకుడు చేయకూడని ఐదు వ్యాపారాలు చెప్తూ బుద్ధుడు ఆయుధాల వ్యాపారాన్నే మొదట చెప్పాడు.

కాబట్టి మేము అడిగేది లైసెన్సులు కాదు. మూడో నియమాన్ని అది రాసిన వరసలో అమలు చేయమంటున్నాం. అదే నియమావళి 17వ నియమం కింద ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన నిఘా, పర్యవేక్షణ కమిటీ ఉండాలి, మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. అందులో ఎస్సీ, ఎస్టీ అనధికార సభ్యులు ఐదుగురి దాకా ఉండొచ్చు. మన పాఠకుల్లో కొందరు ఆ సభ్యులే. టీ, బిస్కెట్లతో అయిపోయే ఆ సమావేశాల సంగతి మాకు తెలుసు, మీకూ తెలుసు.

వచ్చే సమావేశంలో మూడు ప్రశ్నలు అడిగి మినిట్స్‌లో ఎక్కించండి. మన జిల్లాలో అత్యాచారాలకు ఆస్కారం ఉందని గుర్తించిన గ్రామాలేవి? ఆ గ్రామాల్లో ఉన్న ఆయుధ లైసెన్సులు ఎన్ని, మూడో నియమం కింద ఇప్పటిదాకా రద్దు చేసినవి ఎన్ని? అక్రమ తుపాకులు ఎన్ని పట్టుకున్నారు? సభ్యులు కానివాళ్ళు ఇవే ప్రశ్నలను సమాచార హక్కు చట్టం కింద కలెక్టరేట్‌కు పంపండి. 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబును మాకు పంపితే జిల్లా పేరుతో ఈ పేజీల్లోనే అచ్చు వేస్తాం. జవాబు రాని జిల్లాల పేర్లు కూడా వేస్తాం.